చదివిన పుస్తకానికి ఒక పద్దు

"ఇప్పుడేం చదువుతున్నావు?" అని హాస్టల్లో ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి పరీక్ష సబ్జెక్టు పేరు చెబుతాము. నేనూ అదే చెప్పేవాణ్ణి. పాఠ్యపుస్తకాలు గాక ఏం చదివినావని గట్టిగా అడిగితే మాత్రం తెల్లమొహం వేసేవాణ్ణి. చదవక కాదు, చదివింది గుర్తు లేక. ఇంటర్‌లో ఉండగా అట్ట ఊడిన కవితా సంపుటి ఒకటి చేతికి వచ్చింది. మూడు రాత్రులు చదివి, ఇచ్చిన వారికి తిరిగి ఇచ్చేశాను. కవి పేరు ఆ ఊడిన అట్టతోనే పోయింది. అందులోని వాన ఇంకా మనసులో కురుస్తూనే ఉన్నది గాని, ఆ పుస్తకాన్ని ఏ పేరు చెప్పి అడగను?

మాది చండ్రుగొండ. ఊరు దాటితే అడవి అంచు. 2016 వరకు ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మాకు పత్తి, కొంచెం వరి. నాయన ఏడో తరగతితో బడి ఆపినా పద్దు పుస్తకం ఏనాడూ ఆపలేదు. విత్తనాల ప్యాకెట్లు ఎన్ని, యూరియా బస్తాలు ఎన్ని, గుంటక తోలింది ఏ రోజు, పత్తి ఏరిన కూలీ ఎంత, అన్నీ అందులో ఉంటవి. ఒక ఏడాది పురుగుమందుల దుకాణం ఖాతాలో మేము తేని రెండు డబ్బాలు చేరినవి. నాయన గొడవ పడలేదు. పుస్తకం తెరిచి తేదీలు చదివి వినిపించిండు. షాపాయన ఆ రెండు పద్దులూ కొట్టేసిండు. ఇంటికొస్తూ నాయన అన్న మాట: "మతిని నమ్మొద్దురా, కాయితాన్ని నమ్మాలె."

పోయిన దసరా సెలవుల్లో నేను కూడా అలాంటి నోటు పుస్తకమే తెరిచాను, చదివే పుస్తకాల కోసం. ఫోనులో రాసుకోవచ్చు గదా అంటారు. రాశాను. నాట్ల నాడు ఫోను మడిలో పడ్డది, దానితో జాబితా కూడా.

పద్ధతి పెద్దదేమీ కాదు. పేజీకి గళ్ళు గీయాలి: తెచ్చిన తేదీ, ఇచ్చిన తేదీ, రచయిత, పుస్తకం, మొదట అచ్చయిన సంవత్సరం, లైబ్రరీ నంబరు, ఎవరు చెబితే తెచ్చాను, ఎవరికి చెప్పాను. చివర వెడల్పు గడి ఒకటి. అందులో పుస్తకంలోని వాక్యం ఎత్తి రాయకూడదు, నా మాటల్లో రెండు పంక్తులు రాయాలి. ఈ గడే కష్టం. ఏమీ రాయలేకపోతే నేను చదవలేదన్నమాట, పేజీలు తిప్పానన్నమాట. సగంలో వదిలేసిన పుస్తకం కూడా రాస్తాను, ఏ పేజీలో వదిలానో దాచకుండా. ఎండిన చేను కూడా నాయన పుస్తకంలో ఉంటుంది గదా!

లైబ్రరీ నంబరు ఎందుకంటారా? డ్యూయీ దశాంశ పద్ధతిలో పత్తి పంట 633.51, తెలుగు కవిత్వం 894.8271. ఇది తెలిశాక బీరువాల మధ్య తచ్చాడే పని తప్పింది. నాయనకు చెబితే, "మన పత్తికి కూడా నంబరున్నదా!" అని నవ్విండు.

సైన్సు విద్యార్థికి కవిత్వమెందుకు అనే మిత్రులకు డార్విన్‌నే సాక్షిగా పిలుస్తాను. ఆయన 1838 నుండి 1860 వరకు చదవవలసిన వాటికి, చదివిన వాటికి జాబితాలు రాసుకున్నాడు. బీగిల్ ఓడ ప్రయాణంలో నేల మీద తిరగడానికి వెళ్ళినపుడు ఒక్క పుస్తకమే తీసుకుపోగలిగితే మిల్టన్ కావ్యాన్నే ఎంచుకునేవాడట. అంతటివాడు 1876లో స్వీయచరిత్ర రాస్తూ, ఇప్పుడు కవిత్వం ఒక్క పంక్తి కూడా చదవలేకపోతున్నానని బాధపడ్డాడు. మళ్ళీ బతికే వీలుంటే వారానికొకసారైనా కొంత కవిత్వం చదవడం, కొంత సంగీతం వినడం నియమంగా పెట్టుకునేవాణ్ణన్నాడు. అది చదివిన రోజు నాకు భయం వేసింది. ఆయనకు ముప్ఫై ఏళ్ళ దాకా ఆ రుచి ఉన్నది. నాకు ఇరవై ఏళ్ళకే పోతే?

అందుకే ఆదివారం రాత్రి కవిత్వానికి పెట్టుకున్నాను. కొత్తవారు జాషువా ‘గబ్బిలం’ (1941)తో మొదలుపెట్టవచ్చును. జంతుశాస్త్రం ల్యాబులో ఫార్మలిన్ సీసాలో గబ్బిలాన్ని చూసి రికార్డులో బొమ్మ వేసినవాణ్ణే నేను. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉన్నది. కాబట్టి ఆ పేదవాడు తన మొరను శివుడి దాకా దానితో పంపిస్తాడు. ఆ తర్వాత నా రికార్డులోని బొమ్మను మునుపటిలా చూడలేకపోయాను. తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’ ఆయన పోయిన రెండేళ్ళకు, 1968లో వచ్చింది. అందులో తపాలా బంట్రోతు మీద ఉన్న కవిత ముందు చదవండి. మన ఊళ్ళ మాటతో కవిత్వం అవుతుందా అని సందేహమున్నవారికి కాళోజీ ‘నా గొడవ’. ‘మహాప్రస్థానం’ అందరూ చెప్పేదే, నేను వేరే చెప్పనక్కరలేదు. పైకి చదవాలి, అంతే.

దాశరథి ‘అగ్నిధార’ (1949) మాత్రం పద్యాలకు భయపడి రెండుసార్లు వదిలేశాను. నా పుస్తకంలో ఆ రెండు తేదీలూ ఉన్నవి. నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి అని తెలిశాక మూడోసారి పట్టుకున్నాను. ఆ పుస్తకాన్ని ఆయన వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా పుస్తకాలు మోసుకు తిరిగి అమ్మిన ఆళ్వారుస్వామికి! అంతకంటె తగినవారెవరు?

"ఎవరికి చెప్పాను" అన్న గడిలో మొదట్లో రూమ్మేట్ల పేర్లుండేవి. ఇప్పుడు ఎక్కువగా మా చెల్లె పేరే. ఇంటర్ తర్వాత ఆమె చదువు ఆగింది. ఇద్దరినీ హాస్టల్లో పెట్టే శక్తి లేదన్నారు, నేనూ నోరు మెదపలేదు. ఊరికి పోయినప్పుడల్లా నా సంచిలోని పుస్తకం ఆమె తీసుకుంటుంది. పగలు పత్తి ఏరి, రాత్రి చదువుతుంది. సంక్రాంతికి చూస్తే ‘గబ్బిలం’ ఎదురుగా నా రెండు పంక్తుల కింద ఆమె రాత: "అన్నా, గబ్బిలం పోయి చెప్పింది సరే. జవాబు తెచ్చిందా?"

నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఇప్పుడు ఆమెకు వేరే నోటు పుస్తకం కొన్నాను, రెండు వందల పేజీలది. గళ్ళు గీసిపెట్టాను. మొదటి పద్దుగా దువ్వూరి రామిరెడ్డిగారి ‘కృషీవలుడు’ రాయాలని ఆమె కోరిక. సేద్యం చేసే ఇంట్లో పుట్టిన కవి రైతు గురించి ఏమి రాశాడో చూస్తానంటుంది. నాకింకా ప్రతి దొరకలేదు. మీలో ఎవరి దగ్గరనైనా ఉంటే పదిహేను రోజులకు ఇవ్వగలరు. తిరిగి ఇచ్చే తేదీ రెండు పుస్తకాల్లోనూ రాసి ఉంటుంది.