తెరమీది కథ, చేతిలోని మీట: మన్యం పితూరీ నిదర్శనముగా

వీడియో గేమ్ అనగానే పెద్దలు కాలహరణమందురు, పిన్నలు కాలక్షేపమందురు. ఈ వ్యాసమున మేము దానిని కథ చెప్పు ప్రక్రియలలో ఒకటిగా పరిశీలింపదలచితిమి. అందునను జపానువారి యానిమే చిత్రముల పోలికతో, చలనచిత్రమువలె నడచు పోరాటక్రీడలే మా విషయము.

2012లో క్యాప్‌కామ్ సంస్థ వెలువరించిన 'అసురాస్ రాత్'ను చూతము. నాయకుడు అసురుడు ఎనమండుగురు సేనానులలో ఒకడు. తోటివారి కుట్రచే భార్య దుర్గను కోల్పోయి, కుమార్తె మిత్రకు దూరమై, పండ్రెండువేల ఏండ్లకు మేల్కాంచును. పేర్లు మనకు పరిచితములే కాని పురాణము మనది కాదు. టెలివిజన్ ధారావాహికవలె ఇది భాగములుగా నడచును. దృశ్యము సాగుచుండగా తెరపై ఒక గుర్తు మెరయును. తత్‌క్షణమే మీట నొక్కవలెను. పోరాటమున నాయకుని ఆగ్రహమును తెలుపు గీత క్రమముగా నిండును. నిండినపిదప నొక్కిన మీటతో కథ మలుపు తిరుగును.

చూచుట ఎక్కువ, ఆడుట తక్కువ అని విమర్శకులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ మాకు పూర్తిగా సమ్మతము కాదు. బుర్రకథలో వంత పాడువాడు కథను మార్చడు. కాని అతని 'తందాన' లేక కథ కదలదు. ముషాయిరాలో 'వాహ్' అను శ్రోతయు అట్టివాడే. మీట నొక్కు ఆటగాడు ఆ వంతవాడే యని మా అభిప్రాయము.

ఇక మన కొండలకు వత్తము. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు లోయ ఒక మూల, చింతపల్లి, గూడెం అడవులు మరియొక మూల. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై దాడులు జరిగెను. మిరపకాయ టపాతో ముందే కబురంపి వచ్చుట ఆ వీరుల రీతి. అదే సెప్టెంబరున దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను అధికారులు కూలిరి. 1974లో కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రము, తెలుగున తొలి సినిమాస్కోప్ చిత్రము, ఈ కథనే వెడల్పు తెరపై చూపెను. దాని చిత్రీకరణయు చింతపల్లి ప్రాంతముననే.

దీనినే యానిమే క్రీడగా మలచువానికి ఠాణాలు, కనుమలు, తుపాకులు సులభముగా అమరును. చిక్కు ఆగ్రహపు గీతతోనే వచ్చును. 1882 మద్రాసు అటవీచట్టము పోడు వ్యవసాయమును బంధించెను. నర్సీపట్నము నుండి చింతపల్లికి వేసిన బాటకై గిరిజనులచే, చాలినంత కూలి ఈయక, బాస్టియన్ అను అధికారి వెట్టిచాకిరీ చేయించెను. నలువది ఏండ్లు నిండిన గీతను నాలుగు నిమిషములలో నింపిన, ఆ కోపము ఎవరిదో ఆటగాడెరుగడు. మా ఆలోచన ఇది: మొదటి భాగమున ఆటగానిచే రాళ్లు మోయింపవలెను. ఎంత నొక్కినను మీట ఫలమీయరాదు. విసుగెత్తి ఆట మానువారు కొందరుందురు, ఉండనిండు.

రెండవ చిక్కు నాయకుడు. అసురునికి ఆరు చేతులు మొలచును. ఏకాకిగా లోకమును ఎదిరించును. మన్యమున చేతులనేకములు గాని, అవి గాము గంటం దొర, గాము మల్లుదొర మొదలగు పలువురివి. అరకు థింసాలో స్త్రీలు ఒకరినొకరు వెనుకగా చేతులతో పెనవేసికొని వరుసగా కదలుదురు. ఒక్కరి అడుగు తప్పిన వరుస యంతయు తడబడును. క్రీడకు వలసిన సూత్రము అందున్నదని మాకు తోచుచున్నది. ఒకే వీరుని బొమ్మతో సరిపెట్టిన, గిరిజనులు తమ కథలోనే వెనుక నిలుచు గుంపుగా మిగులుదురు. సినిమాలలో ఈ లోపము చాల కాలముగా చూచుచున్నాము.

'అసురాస్ రాత్' అసలు ముగింపును వేరుగా వెల యిచ్చి కొనవలసివచ్చెను. అభిమానులకది కష్టము తోచినది. మన కథకును అట్టి ముగింపు కలదు. 1924 మే 7న రాజు కొయ్యూరు దగ్గర మరణించుటతో తెర పడుట వాడుక. కాని పట్టుబడి చెరకేగిన మల్లుదొర, స్వాతంత్ర్యానంతరము 1952లో విశాఖపట్నము నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఆ దృశ్యమున ఆటగానికి ఏ మీట చూపవలెనో క్రీడాకారులు యోచింతురు గాక.