కొలతకును పరీక్ష

విద్యార్థులు పరీక్ష వ్రాయుట యందరెరిగినదే. విద్యార్థుల మనస్సుఖమును కొలుచు ప్రశ్నావళికిని పరీక్ష గలదని పలువురెరుగరు. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ మన నెల్లూరు తీరమును తాకినప్పుడు పడవలకును వలలకును గలిగిన నష్టము కంటికి గనబడెను. పిల్లల మనస్సులోని భయమట్లు కనబడదు. కావున దానిని కనుగొను సాధనము నమ్మదగినదై యుండవలయును.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యైదు ప్రశ్నల పట్టిక 1998 నుండి వాడుకలో నున్నది. గడచిన రెండు వారములలో ఉల్లాసము, నెమ్మది, ఒంటి సత్తువ, బడలిక తీర్చు నిద్ర, దినచర్యయందాసక్తి యెంత మాత్రముండెనో యందడుగుదురు. ఒక్కొక్క ప్రశ్నకు 0 మొదలు 5 వరకు మార్కులు. మొత్తమును 4 చేత గుణించిన నూటికెన్నియో తేలును.

ఇట్టి ప్రశ్నావళికి రెండు గుణములు కావలయును: నిలకడ, యథార్థత. అరిగిన తూనికరాయితో చేపలనెన్నిమారులు తూచినను ఒకే తూకము వచ్చును. అందు నిలకడ యున్నది, యథార్థత లేదు.

నిలకడ నెరుగుటకు కొలది దినములైన పిమ్మట ఆ పిల్లలనే మరల అడిగి, యుత్తరములను పోల్చుదురు. యథార్థతను తేల్చుట కష్టతరము. ముందుగా ఒకరు తెనిగించిన ప్రశ్నలను, మూలమును చూడని వేరొకరు తిరిగి ఆంగ్లమున వ్రాయవలయును. తరువాత పిల్లలకేమి యర్థమైనదో వారినే యడుగవలయును. “చురుకుగా నుంటివా?” యన్నచో, చదువులో చురుకా యని బాలుడు తలపవచ్చును. మైపాడు తీరమున తెల్లవారకముందే లేచి తండ్రికి తోడ్పడు బాలుడు “బడలిక తీరలేదు” అని వ్రాసిన, అది మనోవ్యథయో, నిద్రలేమియో విచారింపవలయును. కడపట, మార్కులెరుగని మానసిక వైద్యుడు పిల్లలతో వేరుగా మాటలాడి తెలిసికొన్నదానితో మార్కులు సరిపోవునో లేదో చూడవలయును.

ఈ పరీక్ష లేనిచో రెండు కీడులు గలుగును: బాధపడు పిల్లవాడు మరుగున పడును; ఆరోగ్యవంతునికి రోగియను పేరు వచ్చును. పరీక్షకు నిలిచిన ప్రశ్నావళియైనను రోగనిర్ణయము చేయజాలదు. ఎవరితో నెమ్మదిగా మాటలాడవలయునో సూచించును, అంతియే.

తలిదండ్రులకును ఉపాధ్యాయులకును మా మనవి యొక్కటి: పిల్లల యుత్తరములను పదుగురిలో చదువకుడు. రహస్యము నిలువదని తెలిసిన పిల్లవాడు మనకు నచ్చునదే వ్రాయును. అప్పుడెంత మంచి కొలతయైనను వ్యర్థమగును.