పాలస్తీనా యువతకు పెట్టుబడి సాయం: నష్టం ఎవరు భరించాలి?

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఒక అన్సారీ సహాబీ దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి సహాయం అర్థించారు. ఇంట్లో ఏముందని ఆయన అడిగారు. సగం పరుచుకొని, సగం కప్పుకునే ఒక ముతక గుడ్డ, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయని ఆ సహాబీ చెప్పారు. దైవప్రవక్త (సఅసం) వాటిని తెప్పించి వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు, మరొకరు రెండిచ్చి తీసుకున్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి ఆహారం, రెండో దానితో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి తన చేతులతోనే పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా కనిపించవద్దని పంపారు. ఆయన తిరిగి వచ్చేటప్పటికి పది దిర్హములు సంపాదించి ఉన్నారు. (ఈ ఉల్లేఖన పరంపర బలహీనమని కొందరు ముహద్దిసులు అన్నారు. ఇమామ్ తిర్మిజీ (రహ్మలై) దీన్ని హసన్‌గా పేర్కొన్నారు. యాచించడం కన్నా తాడు తీసుకెళ్ళి కట్టెలు మోసి అమ్ముకోవడమే మేలన్న భావం సహీహ్ బుఖారీలోనూ ఉంది.)

ఈ హదీసు చదివి మనం గొడ్డలినే గుర్తుంచుకుంటాం. మొదటి దిర్హమ్ ఆహారానికి పోయిందన్నది మరచిపోతాం. ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఆ సహాబీ కట్టెలకు వెళ్ళడానికి దారి తెరిచి ఉంది, తెచ్చినవి అమ్మడానికి మదీనాలో బజారు ఉంది.

నేటి పాలస్తీనా యువకునికి చదువూ ఉంది, నేర్పూ ఉంది. లేనిది ఆ దారి, ఆ బజారు. గాజా విస్తీర్ణం 365 చదరపు కిలోమీటర్లు. 2007 నుంచి దానిపై ఇజ్రాయెల్ దిగ్బంధం ఉంది. సిమెంటు, యంత్ర భాగాల వంటివి సైనిక అవసరాలకూ పనికొస్తాయన్న పేరుతో ఆంక్షల జాబితాలో చేరాయి. పశ్చిమ తీరంలో 1995 ఒప్పందం ప్రకారం దాదాపు 60 శాతం భూమి ‘సి’ ప్రాంతం. అక్కడ చిన్న షెడ్డు కట్టాలన్నా ఇజ్రాయెల్ సైనిక యంత్రాంగం అనుమతి కావాలి, అది దొరకడం బహు అరుదు. మొబైల్‌లో 3జి సేవ పశ్చిమ తీరానికి వచ్చిందే 2018లో. ఇంటర్నెట్‌లో పని చేసి సంపాదిద్దామంటే, ప్రపంచమంతా వాడే పేపాల్ పాలస్తీనీయులకు ఖాతాలు ఇవ్వడం లేదు.

అయినా వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. గాజా ఇస్లామిక్ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన మజ్ద్ మషహరావీ అనే యువతి, కూలిన ఇళ్ళ శిథిలాలు, బూడిద కలిపి ఇటుకలు తయారు చేసే పని ప్రారంభించారు. ఆ తర్వాత సౌరవిద్యుత్ పరికరాల సంస్థ స్థాపించారు. 2011లో మొదలైన ‘గాజా స్కై గీక్స్’ యువతకు సాఫ్ట్‌వేర్ పనులు నేర్పింది, సొంత సంస్థలు పెట్టడానికి చేయూతనిచ్చింది. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధం ఇలా నిర్మించుకున్నదాన్ని ఎంతగా నేలమట్టం చేసిందో లోకమంతా చూసింది. గాజాలో నిరుద్యోగం 79 శాతానికి చేరిందని 2024లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెలిపింది.

ఇక ధర్మశాస్త్ర ప్రశ్న. ఇటువంటి చోట పెట్టుబడి సాయం ఏ రూపంలో ఇవ్వాలి? అప్పు తీసుకొని దుకాణం పెట్టిన యువకుని దుకాణం బాంబు దాడిలో పోతే ఆ నష్టం ఎవరిది?

ఖర్జె హసనా ఇస్తే వడ్డీ లేదు, కాని అసలు అతని మెడపై ఉంటుంది. దుకాణం పోయినా బాకీ పోదు. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వాలనీ, మాఫీ చేస్తే మరీ మేలనీ దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 280వ ఆయత్ బోధిస్తుంది. మాఫీ చేసే మనసు ముందే లేనివారు గాజాలో అప్పు ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ముజారబత్‌లో సంగతి వేరు. పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది. లాభం ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. పని చేసేవాని నిర్లక్ష్యం, ఉల్లంఘన లేకుండా నష్టం వస్తే అది పెట్టుబడిదారుదే, పనివానికి అతని శ్రమ నష్టం. “ఏం జరిగినా నా అసలు నాకు కట్టాలి” అన్న షరతు చెల్లదు. దాడుల నీడలో బతికే యువకునికి ఈ నియమం ఎంత ఊరటనిస్తుందో ఆలోచించండి.

జకాత్ సొమ్ము అప్పుగా ఇస్తే జకాత్ నెరవేరదు. హనఫీ మస్లక్ ప్రకారం తమ్లీక్, అంటే అర్హుణ్ణి ఆ సొమ్ముకు యజమానిని చేయడం తప్పనిసరి. కుట్టుమిషనో, కంప్యూటరో కొని అతని సొంతం చేయవచ్చు. అప్పులు గానీ, పోషించవలసిన కుటుంబం గానీ లేని ఒక్కనికే నిసాబ్ అంత ఇవ్వడం మక్రూహ్. షాఫయీ ఫిఖహ్‌లో మరింత వెసులుబాటు ఉంది. చేతివృత్తివానికి పనిముట్ల ఖరీదు, వ్యాపారికి అతని వ్యాపారానికి తగిన మూలధనం ఇవ్వవచ్చని ఇమామ్ నవవీ (రహ్మలై) ‘అల్ మజ్మూ’లో వివరించారు. మన ఊరి పేదలుండగా అక్కడికి పంపవచ్చా అని చాలామంది అడుగుతారు. జకాత్‌ను వేరే ఊరికి తరలించడం సాధారణంగా మక్రూహ్, కాని అక్కడివారి అవసరం మరింత తీవ్రమైతే కాదు. అయితే విదేశాలకు సొమ్ము పంపడానికి మన దేశంలో చట్ట నిబంధనలున్నాయి. రసీదు కూడా ఇవ్వని వసూలుదారుల చేతిలో పోసి బాధ్యత తీరిందనుకోవద్దు.

పెట్టుబడి కన్నా ముందు బజారు అడిగిన సహాబీ హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). అన్సారీ సోదరులు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే దుఆ చేసి, బజారు దారి చూపమన్నారు. ఖైనుఖా బజారులో జున్ను, నెయ్యి వ్యాపారంతో నిలదొక్కుకున్నారు. పాలస్తీనా యువతకు మనం బజారు కాగలం. నాబ్లుస్ సబ్బు, ఆలివ్ నూనె, 1961 నుంచి హెబ్రోన్‌లో నడుస్తున్న హిర్బావీ మిల్లులో నేసిన కెఫియా రుమాళ్ళు గల్ఫ్‌లో ఉండే మనవారికి దొరికితే కొనవచ్చు. హైదరాబాదులోనో, దుబాయిలోనో సాఫ్ట్‌వేర్, డిజైన్, అరబీ అనువాద పనులు చేయించుకునే సోదరులు అందులో కొంత అక్కడి యువతకు అప్పగించవచ్చు. మన భారత ప్రభుత్వం కూడా బిర్‌జైత్ విశ్వవిద్యాలయం దగ్గర టెక్నో పార్కు నిర్మాణానికి 1.2 కోట్ల డాలర్లు సాయం చేసింది.

అలా పని అప్పగించేవారు కూలి ఎంత, గడువు ఎప్పుడు, డబ్బు ఏ బ్యాంకు ద్వారా అతని చేతికి చేరుతుంది అన్న మూడూ పని మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పేపాల్ లేని చోట మూడోది మరీ ముఖ్యం.