పది అడుగులలో ఒక కుటుంబము

విద్యార్థులారా! పాఠశాల వసారాలో సుద్దముక్కతో పది అడుగుల పొడవును, నాలుగున్నర అడుగుల వెడల్పును గల దీర్ఘచతురస్రము నొకదానిని గీయుడు. అందులో నలుగురు మనుష్యులు కూర్చుండవలెను. వారి సామానులకు చోటుండవలెను. ఇంజను, చక్రములు, పెట్రోలు తొట్టి కూడ అందులోనే ఇముడవలెను. ఇది సాధ్యమా? 1957లో ఇంగ్లండులోని కొందరు ఇంజనీర్ల కెదురైన లెక్క ఇట్టిదే. వారు కనుగొన్న సమాధానమునకే మినీ కారని పేరు.

1956లో ఈజిప్టు దేశము సూయజ్ కాలువను జాతీయము చేసెను. దానిపై యుద్ధము వచ్చి కాలువ మూతపడెను. చమురు వచ్చు దారి తెగిపోగా బ్రిటనులో పెట్రోలునకు రేషను విధించిరి. అప్పుడు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతియగు లెనార్డ్ లార్డ్, అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరును పిలిచి, తక్కువ పెట్రోలుతో నడచు కుటుంబపు కారు నొకదానిని త్వరగా రూపొందింపు మనెను. ఒక నియమమును కూడ పెట్టెను: ఇంజను క్రొత్తది కారాదు, సంస్థ అప్పటికే చేయుచున్న వానిలో ఒకటి కావలెను.

ఆ కాలపు కార్లలో సాధారణముగా ఇంజను కారు పొడవు వెంట ఉండెడిది. దాని వెనుక గేరుపెట్టె, అచ్చటి నుండి వెనుక చక్రముల వరకు పొడవైన షాఫ్టు ఉండెడివి. ఇసిగోనిస్ ఇంజనును అడ్డముగా త్రిప్పి పెట్టెను. గేరుపెట్టెను దాని క్రిందనే, నూనెతొట్టిలోనే అమర్చెను. రెండింటికిని ఒకే నూనె. శక్తి ముందు చక్రములకే అందుటచే పొడవైన షాఫ్టుతో పని లేకపోయెను. చక్రముల వ్యాసము పది అంగుళములే యగుటచే అవి లోపలి చోటును ఎక్కువగా ఆక్రమింపలేదు.

ఇక స్ప్రింగుల సంగతి. ఈ కారు బరువు సుమారు 600 కిలోగ్రాములు. ఒక్కొక్కరు 60 కిలోల చొప్పున నలుగురెక్కినచో 240 కిలోలు చేరును. అనగా కారు బరువులో అయిదింట రెండు వంతులు. ఒక్కడున్నప్పుడు మెత్తగాను, నలుగురున్నప్పుడు గట్టిగాను ఉండు స్ప్రింగు కావలెను. అలెక్స్ మోల్టన్ అను ఇంజనీరు ఉక్కునకు బదులు రబ్బరు శంకువుల నుపయోగించెను. నొక్కిన కొలది రబ్బరు గట్టిపడును గదా!

1959 ఆగస్టు 26న కారు విడుదలయ్యెను. ఇంజను పరిమాణము 848 ఘన సెంటీమీటర్లు. లోపములు లేకపోలేదు. మొదటి కార్లలో నేలరేకుల అతుకుల గుండ వాననీరు లోనికి వచ్చెడిది. పిమ్మట ఆ అతుకులను మార్చి సరిచేసిరి. ఆ మూలరూపము నుండియే 1960లో సరకుల వ్యాను, 1961లో జాన్ కూపర్ సహాయముతో వేగము గల మినీ కూపర్, 1964లో పైకప్పు లేని మోక్ పుట్టెను. మాంటీకార్లో పందెమున 1964, 1965, 1967 సంవత్సరములలో మినీయే గెలిచెను. 2000లో తయారీ ముగియునప్పటికి 53 లక్షలకు పైగా కార్లు వెలువడెను.

ఇసిగోనిస్ 1906లో స్మిర్నా నగరమున, గ్రీకు సంతతి కుటుంబమున జన్మించెను. 1922లో యుద్ధము వలన ఆ కుటుంబము ఇల్లు విడిచి పోవలసివచ్చెను. తరువాత లండనులో ఇంజనీరింగు చదువుచు, గణిత పరీక్షలో అతడు మూడుసార్లు తప్పెను. అయినను చేతితో బొమ్మలు గీయుచు ఆలోచించుట మానలేదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ఒక పరీక్షలో తప్పిన బిడ్డను పనికిరానివాడని తీర్పు చెప్పవలదు. విద్యార్థులకు కూడ ఒక మాట: గణితము వలదని దీని భావము కాదు. పైన మనము చేసిన బరువుల లెక్కయు గణితమే. అది తెలియనిదే ఆ రబ్బరు శంకువుల అవసరము బోధపడదు.

ఇప్పుడు మరల వసారాలోని సుద్దగీతల యొద్దకు పొండు. నలుగురు అందులో కూర్చుండి, ఎవరి మోకాళ్లు ఎచ్చట తగులునో కొలిచి వ్రాయుడు. చోటు చాలదని గీతను జరుపవలదు. లోపలి వస్తువులను ఎట్లు త్రిప్పి అమర్చవచ్చునో యోచింపుడు. ఇసిగోనిస్ చేసినదియు అదియే.