బరువైన తల, గుండెలో రాయి

పరభాష నేర్చువారు మొదట మాటలను, పిమ్మట వ్యాకరణమును నేర్తురు. ఈ రెండును వచ్చిన పిదప గూడ నొక భాగము మిగిలియుండును. అది నుడికారము. విడివిడిగా మాటల యర్థము తెలిసినను వాక్యముయొక్క భావము తెలియకుండుట నుడికారము చేయు వింత. దుఃఖమును, దిగులును దెలుపు పలుకుబడులలో నీ వింత మిక్కిలి హెచ్చు. పొరపాటు పడినచో నష్టమును నచ్చటనే హెచ్చు. కావున స్లొవాకు భాషలో చింతను దెలుపు నొక జాతీయమును దీసికొని, దానిని మన తెలుగుతో బోల్చి విద్యార్థులకు వివరింపదలచితిమి.

స్లొవాకు భాష యూరపుఖండపు నడుమ నున్న స్లొవేకియా దేశపు భాష. ఆ దేశము 1993వ సంవత్సరము జనవరి 1వ తేదీన ప్రత్యేక రాజ్యమయ్యెను. మన బెజవాడ కృష్ణయొడ్డున నున్నట్లే దాని రాజధానియగు బ్రాటిస్లావా డాన్యూబు నదియొడ్డున నున్నది. నేటి స్లొవాకు గ్రంథభాషకు లుదొవీత్ ష్టూర్ అను పండితుడు తన మిత్రులతో గూడి 1843లో పునాది వేసెను. ఆ సంవత్సరముననే మన మచిలీపట్టణమున రాబర్టు నోబిలుగారు తమ పాఠశాలను స్థాపించిరి. ఆయన 1841లో నచ్చటికి వచ్చి, బడి పెట్టుటకు ముందు తామే విద్యార్థియై తెలుగు నేర్చుకొనవలసివచ్చెను. పరుల నుడికారము ముందర నెంతటివారును బాలురే.

ఇక పాఠమునకు వత్తము. ఆ జాతీయము "రొబిత్ సి త్యష్కూ హ్లవు" అనునది. రొబిత్ అనగా చేయుట. సి అనగా తనకు. త్యష్కూ అనగా బరువైన. హ్లవు అనగా తలను. "హ్లవా" తల, ద్వితీయావిభక్తిలో నది "హ్లవు" అగును. మాటకు మాట చెప్పినచో "తనకు తలను బరువు చేసికొనుట" యగును. భావము మాత్రము చింతపడుట, దిగులు పెట్టుకొనుట. ఒకరిని నూరడించునపుడు "న్యెరొప్ సి త్యష్కూ హ్లవు" అందురు. అనగా దిగులు పెట్టుకొనకుము అని. ముందున్న "న్యె" నిషేధార్థకము. క్రియలోని బకారము పదాంతమున పకారముగా వినబడును. స్లొవాకులు ప్రతి పదమున మొదటి యక్షరమునే యూది పలుకుదురు.

ఇందు తెలుగువాడు పడదగిన గోతులు రెండు గలవు. మొదటిది తలబరువు. మన యిండ్లలో "తల బరువుగా నున్నది" యన్నచో జలుబు చేసినదనుకొని యావిరి పట్టింతురు. స్లొవాకువాడు బరువైన తలను జేసికొన్నాడన్నచో నావిరి పట్టి లాభము లేదు. వాని కష్టమేమో యడుగవలెను.

రెండవది రాయి. "కమెన్ మి స్పదొల్ జొ సృద్‌త్సా" యని వారిలో నొక పలుకుబడి కలదు. "నా గుండెనుండి రాయి పడినది" యని దాని మాటలు. మనము "గుండెలో రాయి పడినది" యందుము. కీడు శంకించి బెదరితిమని దాని భావము. వారి రాయి గుండెనుండి పడినచో చింత తీరినదని యర్థము. రాయి యొక్కటే, గుండె యొక్కటే, పడుటయు నొక్కటే. విభక్తి మారినంతనే యేడ్పు నవ్వగుచున్నది! విభక్తులు నేర్చుటకు విసుగుపడు బాలురు దీనిని గమనింతురు గాక.

పై జాతీయములోని "సి" యను చిన్నమాటను మరల జూడుడు. అది మన "కొను" ధాతువువంటిది. బెంగపెట్టుకొను, తల బద్దలుకొట్టుకొను అనునపుడు ఫలము చేసినవానికే చెందునని "కొను" తెలుపును. "సి" యును నట్టిదే. కాని వారికి మరియొక వాక్యరీతియు గలదు. "యె మి స్ముత్నొ" అనగా "నాకు దిగులుగా నున్నది." "మి" అనగా నాకు. ఇది మన చతుర్థీవాక్యమునకు సరిగా సరిపోవుచున్నది. ఈ వాక్యమున దిగులును జేసినవాడు లేడు. అది వచ్చి యొకనికి సంభవించినది. రెండు భాషలును వేరువేరు కుటుంబములకు జెందినవే యైనను, మనుష్యుడు తాను దెచ్చుకొన్న చింతను, తనపై వచ్చిపడిన చింతను వేరుగా జెప్పవలెనని రెండును దలచినవి.

ఈ భేదము వట్టి వ్యాకరణమని మేమును జిరకాలము తలచితిమి. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటివారమున నది వేరుగా దెలిసెను. బుడమేటికట్టకు గండ్లుపడి బెజవాడలోని సింగునగరు మొదలగు పేటలు మునిగినవి. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సాగిపోయెను. మేమున్న యిబ్రహీంపట్నమున, బుడమేటి మళ్లింపు కాలువ కృష్ణలో గలియు తావునకు దగ్గరలో, జనులు రేయింబవళ్లు నీటివంకనే చూచుచుండిరి. మా యింట నుండి చదువుకొనుచున్న యొక బాలుని తలిదండ్రులు సింగునగరున నుండిరి. వారి టెలిఫోను పలుకలేదు.

ఆ బాలుడు భోజనము ముందర గూర్చుండి, "కడుపులో చేయిపెట్టి దేవినట్లున్నది" యనెను. తెలుగు బోధించుటయే వృత్తిగా గల మేము ఆ మాటను విని, వానికి వికారమనుకొని శొంఠికషాయ మిప్పించితిమి! వాడు మారుమాటాడక త్రాగెను. రాత్రి వాడు నిద్రపోకుండుట చూచి, సంగతి గ్రహించి, "బెంగపెట్టుకోకురా" యని యోదార్చబోతిమి. అంతట వాడు, "మాస్టారూ, నేను పెట్టుకొన్నది కాదండీ. అదే వచ్చింది" అనెను.

మాకు బదులు తోచలేదు. వాడు వాదమునకు జెప్పలేదు, ఉన్నది చెప్పినాడు. మేము "కొను" అన్నచోట వానిది "నాకు" అనదగిన దిగులు. మేమిక నూరడింపు మాటలు మాని, వాని ప్రక్కనే చాపవైచుకొని తెల్లవారువరకు గూర్చుంటిమి. మూడవనాడు కబురు వచ్చెను. తలిదండ్రులు పొరుగువారి మేడపై క్షేమముగా నుండిరి. తల్లి కుట్టుమిషనును, వాని పుస్తకములును నీటిపాలైనవి. ఆ పూట వాడు కడుపునిండ నన్నము తినెను. స్లొవాకు బాలుడైనచో గుండెనుండి రాయి పడినదని యుండును. మనవాడు "గుండెమీది బరువు దిగిందండీ" యనెను.

కావున విద్యార్థులారా, "న్యెరొప్ సి త్యష్కూ హ్లవు" అను మాటను నేర్చుకొనుడు. పరీక్షలో రెండు మార్కులు తగ్గిన మిత్రునికి దానిని జెప్పవచ్చును. ఇల్లు మునిగినవానికి, ఇంటివారి జాడ తెలియనివానికి జెప్పరాదు. అది యాతని దుఃఖమునకు నాతనినే కర్తను జేయుట యగును. అట్టివాని యొద్ద ముందుగా జెవియొగ్గి, వాని పలుకుబడి నెరుగవలెను. నుడికారము నేర్చుటకు మొదటి ఫలము చక్కగా మాటాడుట కాదు, చక్కగా వినుట.

అభ్యాసము: 1. దిగులును దెలుపు పలుకుబడులను మీ యింటి పెద్దల నడిగి పది వ్రాయుడు. 2. వానిలో "కొను" గలవానిని, "నాకు" గలవానిని వేరుపరుపుడు. 3. వానిలో శరీరబాధకును, మనోబాధకును గూడ జెల్లునవి యెవ్వియో గుర్తించి, వినువాడు వానిని దేనిచే నిర్ణయింపవలెనో వ్రాయుడు.