ముందు రంధ్రం చూడు

చి. శ్రీధర్‌కు,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. పొగ తాగను, పైపులు సేకరిస్తానంతే అని రాశావు. ఆ మాట మీ అమ్మకు చెబుతాను, నమ్మడం మానడం ఆవిడ ఇష్టం. నేనూ పొగ మానేసి చాలా కాలమైంది. పైపులు మాత్రం బీరువా ఖాళీ చేయలేదు.

నువ్వు చూపించిన వాటిలో ఒక్కటీ అప్పుడే కొనకు. అమ్మేవాళ్ల వివరణల నిండా పదార్థం గొప్పే ఉంది. బురదలో వేల ఏళ్లు నానిన ఓక్ అట, టర్కీ రాయి అట, ఆఫ్రికా సొరబుర్ర అట. లోపల రంధ్రం ఎలా తొలిచారో మాత్రం ఎవరూ చూపించలేదు. చేతిపని పైపులో పనితనమంతా అక్కడే. పొగదారి గిన్నె అడుగుకి సరిగ్గా మధ్యలో దిగాలి. కాస్త పైన తేలిందా, అడుగు పొగాకు కాలకుండా తడిసి ముద్దవుతుంది. నోట్లో పెట్టుకునే స్టెమ్ బిగించి ఉండగానే పైపు క్లీనర్ దూర్చి చూడు. ఎక్కడా తట్టుకోకుండా గిన్నెలోకి రావాలి. తర్వాత కాడా స్టెమ్మూ కలిసేచోటు కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టు. సందులోంచి వెలుగు కనబడితే ఎంత వింత పదార్థమైనా తిరిగి ఇచ్చేయ్.

రెండోది, నిప్పు తగిలేది దేనికో అడుగు. కొమ్ము, వెదురు లాంటివి ఎక్కువగా కాడకే వాడతారు, గిన్నెకు కాదు. నిప్పుకి ఓర్చుకునే కట్టె అంటే ముందు బ్రయరే. మధ్యధరా తీరపు రాతినేలల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొద వేరుమొదట్లో ఊరే గడ్డ అది. కోసిన ముక్కల్ని గంటల తరబడి ఉడకబెట్టి, నెలలూ ఏళ్లూ ఆరబెడతారు. ఫ్రాన్సులో జురా కొండల్లోని సెయింట్ క్లాడ్ ఊరు ఈ పనికి పేరుపడింది. అందరి దగ్గరా ఉంటుందని బ్రయర్‌ని చిన్నచూపు చూడకు. మంచి ముక్కలో గిన్నె పక్కల నిలువు గీతలు నడిస్తే, పై అంచున అవే గీతల కొసలు చిన్నచిన్న చుక్కలుగా కనబడతాయి. గోటితో తడుముతూ చూడు. చుట్టూ ఉన్న రంగుతో కలవని మచ్చ తగిలితే అక్కడ గుంటను లప్పంతో పూడ్చారన్నమాట. ముదురు రంగు వేసేది, పైభాగం గరుకు చేసేది సగం అందుకే. అలాగని గరుకు చేసిన పైపులన్నీ మోసం కావు, కొందరు ఆ గరుకునే అందంగా చెక్కుతారు.

మీర్‌షామ్ అనేదే ఆ టర్కీ రాయి, సెపియోలైట్ అనే మెగ్నీషియం సిలికేట్ ఖనిజం. టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర నేలలోంచి తవ్వుతారు. తడిగా ఉన్నప్పుడు కత్తికి మెత్తగా లొంగుతుంది, ఎండితే చేతిలో ఉందా లేదా అన్నంత తేలిక. తేనెమైనం పట్టిస్తారు గనక, వాడేకొద్దీ తెలుపు కాస్తా తేనెరంగుకి, ఆపై గోధుమరంగుకి తిరుగుతుంది. ఒకే దిమ్మ నుంచి చెక్కిందా, పొడిని అతికించి అచ్చు పోసిందా అన్నది తప్పకుండా అడుగు. రెండోదానికి ఆ ధర పెట్టకు.

నాకు ముచ్చటైనది కలబాష్. దాని ఒళ్లు మన సొరకాయే, తీరప్రాంతంలో ఆనపకాయ అంటాం చూడు, అదే జాతి. దక్షిణాఫ్రికాలో పిందె పెరుగుతుండగానే మెడ వంపు తిరిగేలా ఆనించి పెంచి, ఎండబెట్టి, లోపల గుజ్జు తీసి, పైన మీర్‌షామ్ గిన్నె కూర్చోబెడతారు. నిప్పు ఉండేది మీర్‌షామ్‌లో, బుర్ర వట్టి గది. ఆ గదిలోకి దిగిన పొగ కాస్త చల్లబడి నోటికొస్తుంది. గిన్నె పట్టి మెల్లగా తిప్పితే ఊడి రావాలి, రాకపోతే శుభ్రం చేయడం కుదరదు. ఇప్పుడు మహాగనీ చెక్కతో అదే ఆకారం చేసి అదే పేరుతో అమ్ముతున్నారు. షెర్లాక్ హోమ్స్ పైపని చెప్పి ధర పెంచితే నవ్వేసి ఊరుకో. డాయిల్ కథల్లో హోమ్స్ తాగేది మట్టి పైపు, బ్రయర్, చెర్రీ కట్టె. కలబాష్ ఊసే లేదు.

ఇక బురదలో నానిన ఓక్ సంగతి. పైపులవాళ్లు దాన్ని మోర్టా అంటారు. ఫ్రాన్సులో బ్రియేర్ చిత్తడినేలల్లోది పేరున్న సరుకు. చెక్కలోని టానిన్, నీటిలోని ఇనుము కలిసి నల్లబడుతుంది. అది పైన పూసిన రంగు కాదు. కాకపోతే ‘అయిదువేల ఏళ్లది’ అన్నవాడిని ఆధారం అడుగు.

మిన్నెసోటాలో దొరికే ఎర్రరాయి పైపులు మాత్రం వద్దు. పైప్‌స్టోన్ గని 1937 నుంచి జాతీయ స్మారకం, అక్కడ తవ్వుకునే హక్కు అమెరికా ఆదివాసులకే ఉంది. వాళ్లకది పూజావస్తువు. అమ్మకానికి పెట్టడమే తప్పనేవాళ్లు వాళ్లలోనే ఉన్నారు. అలాంటిది మన అల్మరాలో అలంకారంగా ఎందుకు?

అన్నిటికంటే ముందు సెలవు చూసుకుని మిస్సోరిలోని వాషింగ్టన్‌కి వెళ్లు. సెయింట్ లూయిస్ నుంచి గంట దారి. 1869 నుంచి మొక్కజొన్న కండెలతో పైపులు చేస్తున్న ఊరు, మొదలుపెట్టినవాడు హెన్రీ టిబ్బీ అనే డచ్ వడ్రంగి. కండె పైపు చవకదే కానీ, పైపు అంటే ఏమిటో నేర్పుతుంది. నాలుగైదు కొని, అన్నిటికీ క్లీనర్ దూర్చి చూసి, ఒకదాన్ని నిలువునా రంపంతో కోసి లోపల చూడు. బ్రయర్‌ని కోయడానికి నీకు మనసొప్పదు కదా.

పాత పైపుల్లో ఏనుగు దంతం ముక్క ఉన్నది కంటబడితే ఎంత చవకైనా వదిలెయ్. ఇండియాకి తెస్తే కస్టమ్స్‌లోనే ఇరుక్కుంటావు, మీ నాన్న నన్ను తిడతాడు.

ఇట్లు,
పెదనాన్న