గడగడా చదివేస్తాడు, అడిగితే చెప్పలేడు

"మావోడు పాఠం గడగడా చదివేస్తాడండీ. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం బిక్కమొగం వేస్తాడు." కారంచేడు, పర్చూరు వైపు మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల అమ్మానాన్నలు తరచూ చెప్పుకునే మాట ఇది. ఫీజులు కడుతున్నాం, ట్యూషన్ పెట్టాం, పొలం నుంచి వచ్చి ఒళ్ళు నొప్పులతోనే పక్కన కూర్చుంటున్నాం, ఇంకా ఏం తక్కువ చేశాం అన్న దిగులు ఆ మాటలో ఉంటుంది. ముందు ధైర్యం తెచ్చుకుందాం. బిడ్డకు తెలివి తక్కువ కాదు. గడగడా చదవడం వచ్చిందంటే సగం పని అయినట్టే. మిగతా సగం దానంతటదే వచ్చేస్తుందని మనం అనుకుంటున్నాం. అలా రాదు.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఈ సంగతిని ఒక లెక్కలా చెప్పారు. అక్షరాలు కూడబలుక్కుని పలకడం ఒకటి, విన్న మాటను అర్థం చేసుకోవడం ఇంకొకటి. ఈ రెంటినీ కూడితే కాదు, గుణిస్తే చదువు అవుతుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే ఫలితమూ సున్నాయే కదా. మన తెలుగులో ఇంకో చిక్కు ఉంది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, అర్థం తెలియని మాటనైనా తప్పు లేకుండా పైకి చదివేయొచ్చు. అందుకే మన చెవులు మోసపోతాయి. గొంతు సాఫీగా సాగుతుంటే అర్థమవుతోందనుకుంటాం. ఒకటి, రెండు తరగతుల్లో ఈ లోటు బయటపడదు. నాలుగైదు తరగతులకొచ్చి, లెక్కలు వాక్యాల్లో ఇచ్చి, సైన్సు పేజీలకు పేజీలు పెరిగాక ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పుడు 'లెక్కల్లో వెనకబడ్డాడు' అంటాం. చాలాసార్లు వెనకబడింది లెక్కల్లో కాదు, చదివింది అర్థం చేసుకోవడంలో.

ఒక చిన్న కథ చూద్దాం. 'తాత మిరపకాయలు కల్లంలో ఆరబోశాడు. సాయంత్రం పడమట మబ్బు కమ్మింది. తాత పట్టల కోసం ఇంటికి పరుగెత్తాడు.' కాయలు ఎక్కడ ఆరబోశాడు అంటే బిడ్డ వేలు పెట్టి 'కల్లంలో' అని చూపిస్తాడు. తాత ఎందుకు పరుగెత్తాడు అంటే 'పట్టల కోసం' అంటాడు. అదీ తప్పు కాదు, వాక్యంలో ఉన్న మాటే. పట్టలు ఎందుకు అని అడగండి. చాలామంది పిల్లలు అక్కడ ఆగిపోతారు, మళ్ళీ పేజీలోకే చూస్తారు. వాన అనే మాట కథలో ఎక్కడా లేదు మరి.

అదే బిడ్డను పుస్తకం మూసి, 'కల్లంలో కాయ తడిస్తే ఏమవుద్దిరా?' అని అడగండి. 'బూజు పట్టుద్ది, తాలు కాయవుద్ది, రేటు రాదు' అని పెద్దవాళ్ళలా చెప్పేస్తాడు. పోయిన వేసవిలో నాన్నతో పాటు పట్ట కొస పట్టుకుని లాగింది వాడే. తెలియక కాదు, తెలిసింది పాఠంలోకి తెచ్చుకోవచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. బిడ్డ మనసులో ఇల్లు వేరు, పుస్తకం వేరు. పుస్తకంలో జవాబు ఎక్కడో ఒక గీత కింద దాగి ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి, సొంత మాట చెబితే తప్పు అవుతుంది అనే భయం వాడిది. ఆ భయం మనం నేర్పిందే. జవాబుల కింద గీతలు గీయించింది, గైడులో ఉన్నట్టే చెప్పమన్నది ప్రేమతోనే. అయినా, ఇది కాస్త కటువుగా ఉన్నా చెప్పక తప్పదు: ప్రాథమిక తరగతుల బిడ్డకు గైడు కొనకండి.

మరి ఇంట్లో ఏం చేయాలి? మన పక్క ఊరివాళ్ళే ఒక దారి చూపించి పోయారు. 1947లో నాగిరెడ్డితో కలిసి చందమామను మొదలుపెట్టిన చక్రపాణిది తెనాలి. దశాబ్దాలపాటు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. అందులోని బేతాళ కథలు గుర్తున్నాయా? కథంతా చెప్పి బేతాళుడు అడిగే ప్రశ్నకు జవాబు కథలో ఏ వాక్యంలోనూ ఉండదు. ఆ రాజు ఎందుకలా చేశాడు, ఆ పిల్ల ఎందుకు వద్దంది అని అడుగుతాడు. మనుషుల నడతను బట్టి విక్రమార్కుడు ఆలోచించి చెప్పాలి. రాత్రి అన్నాలయ్యాక అలాంటి ప్రశ్న ఒక్కటి అడిగితే చాలు. పది అడగొద్దు, అది పరీక్ష అయిపోతుంది. బిడ్డ చెప్పింది మీకు వింతగా అనిపించినా 'కాదు' అనకుండా 'అట్టా ఎందుకనిపించింది?' అనండి. వెంటనే చెప్పకపోతే ఆగండి. ఆ మౌనంలో వాడు ఆలోచిస్తున్నాడు. మనకేమో తొందర, మనమే జవాబు చెప్పేస్తాం.

'మాకు చదువు రాదండీ' అని వెనక్కి తగ్గే అమ్మలు దీన్ని ఇంకా బాగా చేయగలరు. కథ చెబుతూ సగంలో ఆపి, తర్వాత ఏమవుద్దో చెప్పమంటే చాలు, దానికి అక్షరాలతో పనిలేదు.

ఇక పాత్ర, నేపథ్యం, ముఖ్యభావం, ఉపమాలంకారం లాంటి మాటలు. బడిలో ఇవి మొదలవగానే నిర్వచనాలు బట్టీ పట్టించాలని కంగారుపడతాం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని 'అమ్మా, నిప్పులా కాలుతోంది' అన్న ఐదేళ్ళ పిల్ల అప్పటికే ఉపమ వాడేసింది. అప్పుడే నవ్వుతూ, 'ఇట్టా ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి చెప్పడాన్ని ఉపమ అంటారమ్మా' అంటే ఆ పేరు జన్మలో మరిచిపోదు. 'ఈ కథ ఎవరెవరిది?' అంటే పాత్రలు వస్తాయి. 'ఎక్కడ, ఎప్పుడు జరిగింది?' అంటే నేపథ్యం వస్తుంది. 'నువ్వైతే దీనికి ఏం పేరు పెడతావు?' అంటే ముఖ్యభావం వస్తుంది. ముందు అనుభవం కానివ్వండి, పేరు వెనకాల వస్తుంది.

ఇంగ్లీషు మీడియం సంగతీ అడుగుతారు. ఇంగ్లీషు కథ గురించి ఇంట్లో తెలుగులో మాట్లాడుకుంటే ఇంగ్లీషు పాడైపోదు. కథ అర్థమయ్యేది ఆలోచనలో, బిడ్డ ఆలోచించేది ఇంటి మాటలో. మన ప్రభుత్వ బడులకు 2020-21లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చేశారు. అలాంటివి దొరికితే ముందు తెలుగు పేజీ చదివి, మాట్లాడుకుని, అప్పుడు ఇంగ్లీషు పేజీకి వెళ్ళండి.

మూడో తరగతి దాటినా అక్షరాల దగ్గరే తడబడే బిడ్డ సంగతి వేరు. తిట్టేముందు కళ్ళు, చెవులు చూపించండి. అవి బాగానే ఉండీ తడబాటు తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చెప్పండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వీలైతే ఒక ఆదివారం బిడ్డను చీరాల దాటి వేటపాలెం తీసుకెళ్ళండి. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. అన్ని పుస్తకాల మధ్య బిడ్డను వదిలి, తనకు నచ్చింది తననే తీసుకోనివ్వండి. చిన్న పిల్లల బొమ్మల పుస్తకం తీసుకున్నా సరే అనండి.

బడిలో ఈసారి మీటింగు పెట్టినప్పుడు మార్కుల సంగతి తర్వాత అడగొచ్చు. 'మావాడు కథ విని సొంత మాటల్లో చెప్పగలుగుతున్నాడా?' అని టీచరును అడగండి. ఇంట్లో మీరు గమనించింది కూడా చెప్పండి. గదినిండా పిల్లలున్న టీచరుకు, మీ బిడ్డ దేని గురించి ఆపకుండా మాట్లాడతాడో మీరు చెబితేనే తెలుస్తుంది.